ఓవెన్‌లో గిన్నెలు, బాక్సులో భోజనం: ఖతార్ తెలుగిళ్లలో సాగుతున్న ఒక వాదం

దోహాలో కుటుంబాలు అద్దెకుండే ఫ్లాట్లలో పొయ్యి అంటే చాలాచోట్ల నాలుగు బర్నర్ల కుకింగ్ రేంజే. దాని పొట్టలో ఓవెన్ ఉంటుంది. తెలుగిళ్లలో ఆ తలుపు తీస్తే ఏళ్లతరబడి కనిపించింది కేకు కాదు. బూరెల మూకుడు, దోసెల పెనం, ఇడ్లీ రేకులు, గాస్కెట్ పోయిన కుక్కరు కనిపించేవి. అప్పట్లో అది ఓవెన్ కాదు, తలుపున్న అల్మరా. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ సామాను బయటికొచ్చింది. రాగి కేకు, గోధుమపిండి బ్రెడ్డు, ఓట్స్ బిస్కట్లు లోపలికి వెళ్తున్నాయి. అదే సమయంలో మధ్యాహ్నం కంచంలో అన్నం తగ్గుతూ వచ్చింది, కొన్నిళ్లలో పూర్తిగా పోయింది. ఈ రెండు మార్పులూ ఒకే మాట చెప్పి ఇంట్లోకి వచ్చాయి: "తేలిగ్గా తిందాం."

తేలిక అంటే ఏమిటన్న దగ్గరే పేచీ. ఒకరికి తేలిక అంటే అరుగుదల. ఒకరికి క్యాలరీలు. ఇంకొకరికి షుగరు. పొద్దున నాలుగున్నరకు లేచి మూడు బాక్సులు కట్టే మనిషికి మాత్రం తేలిక అంటే పని తగ్గడం. నలుగురూ ఒకే మాట వాడుతూ నాలుగు వేరువేరు సంగతులు మాట్లాడుకోవడం వల్లే వాదం ఇంత ముడిపడింది. ఎవరు ఏం అంటున్నారో, అందులో ఏది నిలబడుతుందో విడదీసి చూడటమే ఈ సమీక్ష పని.

రూపాయి చెల్లిన నేల మీద

ఖతార్‌లో 1966 దాకా రూపాయే చెల్లింది. 1959 నుంచైతే గల్ఫ్ కోసమని రిజర్వ్ బ్యాంకు ప్రత్యేకంగా అచ్చేసిన రూపాయి. ఆ వ్యాపారపు దారిలోనే మన బియ్యం, మసాలాలు అక్కడి వంటల్లో కలిసిపోయాయి. ఖతారీల మధ్యాహ్న భోజనం మచ్‌బూస్: మాంసమో చేపో ఉడికిన నీళ్లలోనే బియ్యం పోసి వండుతారు. కాబట్టి మధ్యాహ్నం కడుపునిండా అన్నం తినడం తెలుగువాళ్లు మూటగట్టుకుని తీసుకెళ్లిన అలవాటేమీ కాదు. ఆ నేల మీదా మధ్యాహ్నమే పెద్ద భోజనం.

రొట్టె సంగతీ ఇంతే. 1969లో ఖతార్ ఫ్లోర్ మిల్స్ మొదలైంది. బేకరీల్లో కాలిన కుబ్బూస్ చవగ్గా, ప్రతి బకాలా (కిరాణా కొట్టు)లోనూ దొరికే తిండి అయింది. రంజాన్ నెలలో వేడి రేకు మీద పిండి పల్చగా పులిమి కాల్చే రిగాగ్‌ని చూస్తే మన పేపర్ దోసెకు చుట్టమే అనిపిస్తుంది. 1970ల తర్వాత కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాలు, కడప నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి మగవాళ్లు. కుబ్బూస్ వాళ్లకు కూలి తిండి. పొద్దున చాయ్‌లో ముంచుకుని తినేది, ఇంటికి ఉత్తరం రాస్తే రాయకుండా వదిలేసేది. కుటుంబాలు తర్వాత వచ్చాయి. నిర్ణీత జీతం దాటితేగాని కుటుంబ వీసా రాదు కాబట్టి, ఓవెన్ ఉన్న వంటిల్లు మొదటినుంచీ మధ్యతరగతి వ్యవహారమే.

తెలుగువాళ్లకు ఓవెన్ కొత్తదే కానీ కాల్చే విద్య కొత్తది కాదు. గోదావరి జిల్లాల మినపరొట్టి, అదే దిబ్బరొట్టి, ఎలా చేసేవారో ఒక్కసారి చూడండి. మందపాటి ఇనప మూకుట్లో నూనె పోసి, మినప్పిండిలో బియ్యం రవ్వ కలిపిన రుబ్బు అంగుళంన్నర మందాన పోస్తారు. కింద కుంపట్లో సన్నటి సెగ. పైన మూత, మూత మీద నిప్పులు. కింద నుంచీ పై నుంచీ సమంగా వేడి తగిలి, పైన ఎర్రటి పెచ్చు కట్టి, లోపల మెత్తగా ఉడుకుతుంది. ఓవెన్ చేసే పని సరిగ్గా ఇదే. 1980ల నాటికి అదే తెలివి కుక్కర్లోకి వచ్చింది. అడుగున ఇసుక పోసి, గాస్కెట్ తీసేసి, వెయిట్ పెట్టకుండా కేకు చేసుకున్న ఇళ్లు ఎన్నో.

అయినా మన దగ్గర 'బేకరీ' అంటే కొనుక్కునేదే. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ పక్కన ఉస్మానియా బిస్కట్, 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర తెరిచిన కరాచీ బేకరీ నుంచి డబ్బాలో తెచ్చే ఫ్రూట్ బిస్కట్, పుట్టినరోజుకు ఆర్డరిచ్చే కేకు. ఇవన్నీ బయటి రుచులు. బయటి రుచిని ఇంట్లో చేస్తే ఆరోగ్యమవుతుందన్న ఆలోచన ఈ మధ్యది. ఖతార్‌లో దానికి మూడు దెబ్బలు ఊపునిచ్చాయి.

2017 జూన్ 5న పొరుగు దేశాలు దిగ్బంధం ప్రకటించాయి. సౌదీ వైపున్న అబూ సమ్రా సరిహద్దు మూతపడింది. దేశంలోకి వచ్చే తిండిలో చాలాభాగం అప్పటిదాకా ఆ దారినే వచ్చేది. కొన్నాళ్లు పాల అరలు ఖాళీ అయ్యాయి. టర్కీ, ఇరాన్ సరుకు దిగింది. జులైలో బలద్నా డెయిరీ కోసం విమానాల్లో ఆవులను దించారు. షాపులో ఉన్నది రేపు ఉండకపోవచ్చన్న సంగతి ఇల్లాళ్లకు అప్పుడు బోధపడింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి హోటళ్లలో కూర్చుని తినడం ఆగింది, బడి ఇంటికొచ్చింది. మిగతా ప్రపంచంలాగే అక్కడా ఈస్టు పొట్లాం అపురూపమైంది, ఇంటి బ్రెడ్డు వాట్సాప్ స్టేటస్ అయింది. ఇక 2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బస్తాల కోసం ఎగబడ్డ వీడియోలు అందరూ చూశారు. 2024 సెప్టెంబరు చివర నిషేధం ఎత్తేశారుగానీ, ఆ పద్నాలుగు నెలల్లో "అన్నం లేకపోతే ఏం తింటాం?" అన్న ప్రశ్న విదేశాల్లోని ప్రతి తెలుగు వంటింట్లోనూ ఒకసారైనా వినబడింది.

ఎవరు ఏమంటున్నారు

మొదటి పక్షం కంచాన్ని నమ్ముతుంది. పప్పు, కూర, పులుసు, పెరుగు, వీటి మధ్య అన్నం: ఇందులో తప్పు పట్టాల్సింది పరిమాణాన్నే, పద్ధతిని కాదు అంటుంది. ఈ పక్షానికి గట్టి దన్ను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన ప్రయోగశాల 1958లో హైదరాబాద్ చేరి, తర్వాత ఆ సంస్థ అయింది. 2024లో అది విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదన్నాయి. 2,000 క్యాలరీల నమూనా కంచంలో రోజు మొత్తానికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. కొలత పచ్చి సరుకుది.

రెండో పక్షంలో ఒక గురువు లేరు, చాలామంది ఉన్నారు, వాళ్లలో వాళ్లకే పడదు. మంతెన సత్యనారాయణ రాజు ఉప్పు, నూనె, చక్కెర మానమన్నారు. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ పద్ధతి ఊరూరా పాకింది: ధాన్యం మానేసి కొబ్బరినూనె, కొవ్వు తినమంది. ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు అనే ఐదు సిరిధాన్యాలనే నమ్మమన్నారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం. నూనె వద్దన్నవారూ నూనె తాగమన్నవారూ ఒకే ఫ్యామిలీ గ్రూపులో పక్కపక్కనే ఫార్వర్డ్ అవుతుంటే చదివేవాళ్లకు తల తిరగదా? తమాషా ఏమిటంటే ఓవెన్ పక్షం నెత్తిన పెట్టుకున్న రాగులు ఖాదర్ వలీ ఐదింటిలో లేవు. ఆయన వాటిని మధ్యరకంలో వేశారు. ఈ పక్షం చేసిన మేలు ఒకటి ఒప్పుకోవాలి. తెల్లన్నం మీద తెలుగువాడికి ఉన్న మొండి భక్తిని కదిలించింది. కీడు కూడా ఒకటుంది: పరిమాణం సంగతి మరిపించింది. కొర్రన్నం అయినా కుప్పపోసుకుంటే కుప్పే.

మూడోది ఓవెన్ పక్షం. కుటుంబాల్లో ఇదే ఇప్పుడు ఎక్కువ సందడిగా ఉంది. దీని వాదం పిండి గురించి కాదు, ప్యాకెట్ గురించి. బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మొంటేరో బృందం 2009లో ఆహారాన్ని, అందులోని పోషకాలను బట్టి కాక, ఫ్యాక్టరీలో దానికి ఏం చేశారన్న దాన్ని బట్టి విభజించింది. 2019లో అమెరికాలో పరిశోధకుడు కెవిన్ హాల్ 20 మందిని ఆస్పత్రిలో ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి చూశారు. చక్కెర, కొవ్వు, పీచు సమానంగా అందుబాటులో పెట్టినా ఫ్యాక్టరీ తిండి రోజుల్లో మనిషి సగటున రోజుకు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నాడు. ఇంటి బ్రెడ్డు పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టుతో అవుతుంది, షాపు బ్రెడ్డు చీటీ చదవండి అంటారు ఈ పక్షంవాళ్లు. బ్రౌన్ బ్రెడ్డు రంగు కొన్నిసార్లు కారమెల్‌ది కావచ్చు, పొట్టుది కాకపోవచ్చు. ఈ మాట నిజం.

నాలుగో పక్షం చిన్నది, గోల తక్కువ. ఉన్న ఊరి తిండి తిను అంటుంది. హమ్మస్ అంటే శనగలు, నువ్వులు, నిమ్మరసం. లబ్‌నా అంటే నీరు వడగట్టిన పెరుగు. కాల్చిన వంకాయలో నువ్వుల ముద్ద కలిపితే ముతబ్బల్, పచ్చిమిర్చి చింతపండు కలిపితే మన వంకాయ పచ్చడి. తెలుగు నాలుకకు ఇంత దగ్గరగా ఉన్న బల్లను వదిలేసి ఓట్స్ వెంట ఎందుకు పడుతున్నామో ఈ పక్షానికి అర్థం కాదు. ఈ వ్యాసకర్తకూ అర్థం కాదు.

ముక్కలో ఎంత ఉంది

ఓవెన్ పక్షం మాటల్లో బలహీనమైనది కేకు. ఇంటి కేకు కొలతలు దాదాపు అందరివీ ఇవే: మైదా 250 గ్రాములు, చక్కెర 200, వెన్న 150, గుడ్లు మూడు. మైదా 900 క్యాలరీలు, చక్కెర 770, వెన్న 1,075, గుడ్లు 215. మొత్తం మూడు వేలకు కాస్త తక్కువ. పది ముక్కలు కోస్తే ముక్కకు దగ్గరదగ్గర 300 క్యాలరీలు, 20 గ్రాముల చక్కెర.

ఇప్పుడు 'ఆరోగ్యంగా' మారుద్దాం. మైదా తీసేసి మొత్తం రాగిపిండి వేస్తే కేకు మొత్తంలో వంద క్యాలరీలు తగ్గుతాయి, ముక్కకు పది. పీచు, కాల్షియం పెరుగుతాయి, అది లాభమే. చక్కెర తీసేసి అంతే బెల్లం వేస్తే క్యాలరీల్లో చెప్పుకోదగ్గ తేడా రాదు, ఎందుకంటే బెల్లంలోనూ ముప్పావువంతు పైచిలుకు చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మెరుగైన హద్దు పెద్దవాళ్లకు రోజుకు సుమారు 25 గ్రాముల చక్కెర. ఒక్క రాగి-బెల్లం కేకు ముక్కతో అది దాదాపు నిండిపోతుంది. చక్కెర 200 నుంచి 100కు తెచ్చి, కోసే ముక్కలు పది నుంచి పదహారు చేస్తే వచ్చే మేలు ముందు పిండి మార్పు ఏపాటి? రాగి అన్న మాట వినగానే రెండో ముక్క తీసుకునేవాళ్లకు ఆ మేలూ దక్కదు.

బ్రెడ్డు లెక్క వేరు. ఇక్కడ ఓవెన్ పక్షానిది పైచేయి. చక్కెర ఒక చెంచా, నూనె ఒక చెంచా చాలు. ఇబ్బంది చేతిపనిలో ఉంది. చపాతీల ఆటాను మైదాలా కలిపితే బ్రెడ్డు రాయిలా వస్తుంది. చక్కీలో నలిగిన పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, పొట్టు పిండిలోని సాగుడును తెంపుతుంది. అందుకని నీళ్లు పెంచి, కలిపిన అరగంట వదిలేసి, అప్పుడు పిసకాలి. రాగుల్లో సాగుడు అసలే లేదు కాబట్టి పావువంతు దాటించకూడదు. ఇన్ని చేసినా ఇంకో సంగతి చాలామందికి చేదుగా ఉంటుంది. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంతర్జాతీయ గ్లైసెమిక్ సూచీ పట్టిక 2008లో వెలువడింది. అందులో తెల్ల బ్రెడ్డు 75, గోధుమ బ్రెడ్డు 74, తెల్లన్నం 73, చిరుధాన్యాల జావ 67, చపాతీ 52. షుగరు భయంతో అన్నం మాని గోధుమ బ్రెడ్డుకు మారినవాళ్లు ఆ పట్టికలో ఉన్నచోటే ఉన్నారు. చపాతీకి మారినవాళ్లు నిజంగా కదిలారు, దానికి ఓవెన్ అక్కర్లేదు.

ఓవెన్ నిజంగా పనికొచ్చేది ఇంకోచోట. నాలుగు వంకాయలు ఒకేసారి కాలతాయి. చిలగడదుంపలు, క్యాలీఫ్లవర్, బెండకాయలు చెంచా నూనెతో ఎర్రగా వస్తాయి. మూకుట్లో ఐదారు చెంచాలు పోసినా అంత వేపు రాదు. వంజరం ముక్కలు వేయించకుండా కాల్చుకోవచ్చు. దిబ్బరొట్టి నిప్పుల మూత లేకుండా పైపెచ్చు కట్టుకుంటుంది. ఇక అన్నిటికంటే నమ్మకమైన వాడకం కాల్చడమే కాదు. రాత్రంతా ఏసీ ఆడే ఫ్లాట్లో ఇడ్లీ పిండి పులవదు. చల్లటి ఓవెన్‌లో పెట్టి లోపలి బల్బు మాత్రం వేస్తే తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగుతుంది.

మధ్యాహ్నం ఒకటి కాదు

ఈ వాదంలో అందరూ 'లంచ్' అని ఒకేదాన్ని గురించి మాట్లాడుతున్నట్టు అనుకుంటారు. ఖతార్ దినచర్యలో అవి రెండు. భారతీయ బడులు పొద్దున ఏడు గంటల ప్రాంతంలోనే మొదలవుతాయి, బస్సు ఇంకా ముందే వస్తుంది. పిల్లల బాక్సు తెరుచుకునేది మధ్యాహ్నం కాదు, పూట మధ్యలో ఇచ్చే విరామంలో. అసలు భోజనం ఇంటికొచ్చాక, రెండు దాటాక. ప్రభుత్వ కార్యాలయాలు ఏడు నుంచి రెండింటి దాకా. ప్రైవేటు ఉద్యోగికి అయిదు, ఆరు దాటేదాకా ఇల్లు లేదు. కాబట్టి ఒకే ఇంట్లో ఒకరి బాక్సు ఫలహారం, మరొకరి బాక్సు భోజనం, మూడోవాళ్లది మధ్యాహ్నం మూడింటికి కంచం.

2013లో స్పెయిన్‌లో 420 మంది మీద జరిపిన పరిశీలన ఒకటి ఇక్కడ పనికొస్తుంది. బరువు తగ్గే కార్యక్రమంలో ఉన్నవాళ్లలో మూడు గంటల తర్వాత పెద్ద భోజనం చేసేవాళ్లు, ముందే తినేవాళ్లకంటే తక్కువ తగ్గారు. తిన్న క్యాలరీల్లో పెద్ద తేడా లేకపోయినా అదే ఫలితం. ఒక్క పరిశీలనతో తీర్పు చెప్పలేం. కానీ ఏం తింటున్నాం అన్నదాని మీద పడ్డంత చర్చ ఎప్పుడు తింటున్నాం అన్నదాని మీద పడలేదు.

పరిమాణం సంగతికొస్తే పోషకాహార సంస్థ 250 గ్రాముల లెక్కను ఒక మామూలు రోజుకు పంచి చూడండి. పొద్దున ఇడ్లీల్లో 80 గ్రాముల బియ్యపు రవ్వ, రాత్రి రెండుమూడు చపాతీలకు 80 గ్రాముల పిండి పోతే, మధ్యాహ్నానికి మిగిలేది 90 గ్రాముల బియ్యం. వండితే పావుకిలో అన్నం. ఇది తక్కువేం కాదు. పప్పులోకి, పులుసులోకి, పెరుగులోకి మూడు వాయిలు సరిపోతుంది. 2020లో వెలువడిన ప్యూర్ అధ్యయనం 21 దేశాల్లో లక్షా ముప్పై వేల మందిని గమనించింది. రోజుకు 450 గ్రాములకు మించి తెల్లన్నం తినేవాళ్లలో మధుమేహం ముప్పు దక్షిణాసియాలోనే ఎక్కువగా కనిపించింది: 150 గ్రాముల లోపు తినేవాళ్లతో పోలిస్తే దాదాపు 60 శాతం అధికం. కంచం పక్షం, సిరిధాన్యాల పక్షం రెండూ తమకే సాక్ష్యమని ఈ అంకెను చూపిస్తాయి. అంకె చెప్పేది మాత్రం కొలత గురించి. కంచం పక్షానిదే ఇక్కడ నెగ్గిన వాదం, అన్నం తగ్గించిన చోట పప్పో గుడ్డో కూరో పెరిగితేనే. అన్నం తగ్గించి నాలుగింటికి బిస్కట్ ప్యాకెట్ విప్పితే ఆ తగ్గింపు లెక్కలోకి రాదు.

పక్షాలన్నిటినీ పక్కపక్కన నిలబెడితే ఇలా తేలుతుంది. ఖర్చులో, చేతి అలవాటులో కంచం పక్షం సులువు, కానీ దాన్ని బాక్సులో పెట్టడం కష్టం. చిరుధాన్యాలు పీచులో మిన్న, ఖతార్‌లో ధరలో ఎక్కువ, పిల్లల చేత తినిపించడంలో పెద్ద పరీక్ష. ఓవెన్ బ్రెడ్డు బాక్సులో బాగా ఒదుగుతుంది, షుగరు విషయంలో అన్నం కన్నా మెరుగు కాదు. అరబ్బు బల్ల శనగలతో, పెరుగుతో మాంసకృత్తులు ఇస్తుంది, దాని పక్కన వచ్చే కుబ్బూస్ మైదాది.

ఎండ చెప్పిన తీర్పు

ఓవెన్‌కు అనుకూలంగా ఉన్న గట్టి వాదాన్ని ఓవెన్ పక్షంవాళ్లే సరిగా చెప్పుకోలేదు. అది ఆరోగ్యం కాదు, ఎండ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దోహా పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మూడున్నర వరకూ ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వమే నిబంధన పెట్టింది. అలాంటి గాలిలో బాక్సు గతేమిటి? వండిన తిండి మామూలు రోజుల్లో రెండు గంటలు, వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట ఉండకూడదని అమెరికా వ్యవసాయ శాఖ సూత్రం. అన్నంలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చగా ఉన్న గిన్నెలో మొలిచి విషం వదులుతాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

అయిదింటికి వండి వేడివేడిగా మూతపెట్టిన పులిహోర, ఏసీ లేని చోట వదిలేసిన బ్యాగులో తొమ్మిదిన్నర దాకా ఉందనుకోండి. చింతపండు పులుపు కొంత కాపాడుతుంది. కూరన్నానికి ఆ రక్ష కూడా లేదు. తడిలేని రొట్టె, నువ్వుల బిస్కట్, కాల్చిన చెక్క, ఎండు బ్రెడ్డు మధ్య వేరుశనగ పొడి: ఇవి గంటల తరబడి ఉంటాయి. పెరుగన్నం పంపాలంటే చల్లబరిచి, ఐస్ ప్యాక్ పక్కన పెట్టాలి. క్రీము పూసిన కేకు, చికెన్ పఫ్, పన్నీరు శాండ్‌విచ్ బేకరీ తిండే అయినా అన్నానికంటే త్వరగా పాడవుతాయి. కాబట్టి గీత గీయాల్సింది అన్నానికీ బ్రెడ్డుకూ మధ్య కాదు, తడికీ పొడికీ మధ్య.

నవంబరు వచ్చాక సంగతి మారుతుంది. అల్ మజ్రూఆ వంటి రైతు సంతల్లో ఖతార్ పొలాల్లో పండిన టమాటా, దోసకాయ, వంకాయ, ఆకుకూరలు చవగ్గా వస్తాయి. తేలికైన మధ్యాహ్నం మొదలుపెట్టడానికి జనవరి ఒకటో తారీఖు తీర్మానాలకంటే ఈ సంత తెరిచే వారం మంచిది.

నాలుగున్నరకు లేచేది ఎవరు

ఈ చర్చంతటిలో అతి తక్కువ మాట్లాడింది పని గురించి. బ్రెడ్డు పిండి పిసకడం పది నిమిషాలే. కానీ అది పొంగేదాకా, కాలేదాకా, చల్లారేదాకా మూడు గంటలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ ఎవరో ఒకరు చాలా ఇళ్లలో నర్సుగానో టీచరుగానో పనిచేసి వచ్చిన ఆడమనిషే. ప్యాకెట్ బ్రెడ్డు చెడ్డదన్నప్పుడు ఆ మూడు గంటలు ఎవరి ఖాతాలో రాస్తున్నామో కూడా చెప్పాలి. రోజువారీ బేకింగ్ పనులకెళ్లే కుటుంబానికి తేలిక కాదు, బరువు. శుక్రవారం ఒక్కరోజు రెండు బ్రెడ్లు కాల్చి, కోసి, ఫ్రీజర్లో పెట్టుకునే పద్ధతి ఒక్కటే నిలబడుతోంది. అది కూడా ఇంట్లో ఇద్దరూ చేయి వేసినచోట.

ఈ చిత్రంలో మరో తెలుగు ఆడమనిషి ఉంది. గల్ఫ్ ఇళ్లలో వంటపనికి వెళ్లిన గోదావరి, కడప జిల్లాల స్త్రీలు దశాబ్దాలుగా పరాయి ఇంటి ఓవెన్‌లో రొట్టెలు, కేకులు చేస్తున్నారు. ఇంటిపనివాళ్ల కోసం ఖతార్ 2017లో తెచ్చిన 15వ నంబరు చట్టం రోజుకు పది గంటలకు మించి పని చేయించకూడదంది. తెలుగువాళ్లలో బేకింగ్ బాగా వచ్చినవాళ్లెవరని ఎవరైనా లెక్క తీస్తే ముందు వరసలో ఉండేది వీళ్లే. వంటల వీడియోలు చేసేవాళ్ల పేర్లే మనకు తెలుసు.

ఇంటి కేకు పక్కింటికి అమ్మడం ఇంకో ముచ్చట. ఆర్డర్లు తీసుకున్న క్షణం నుంచి అది వంట కాదు, ఆహార వ్యాపారం. 1990 నాటి 8వ నంబరు ఆహార నియంత్రణ చట్టం ఉన్న దేశంలో అనుమతి లేకుండా అమ్మడం సరదా వ్యవహారం కాదు.

ఇంకా తేలనివి

ఖతార్ 2015లో తన ఆహార మార్గదర్శకాలను గవ్వ ఆకారపు కంచం బొమ్మతో విడుదల చేసింది. 2019 జనవరి నుంచి గ్యాస్ డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేసింది. ఆ దేశపు ఊబకాయం గురించి అందరూ ఉదహరించే అంకెలు 2012 నాటి సర్వేవి: పెద్దవాళ్లలో 70 శాతం మంది అధిక బరువు, 16.7 శాతం మందికి మధుమేహం. ఆ సర్వే లెక్కపెట్టింది ఖతారీ పౌరులను మాత్రమే. ఎనిమిది లక్షలకు పైగా ఉన్న భారతీయులు అందులో లేరు. ఆ అంకెలు చూపించి తెలుగు కుటుంబానికి సలహా ఇచ్చే ప్రతి ఫార్వర్డ్ మెసేజీ ఈ తేడాను మింగేస్తోంది.

చల్లారిన అన్నంలో అరగని పిండిపదార్థం పెరుగుతుంది కాబట్టి చద్దన్నం షుగరుకు మందు అన్నది మరో తెగని పంచాయితీ. పెరుగుతుందన్నది నిజం. పెరిగేది కొద్దిగా అన్నది కూడా నిజం. పెరుగుతో తిన్న చద్దన్నం మంచి తిండి, మందు కాదు.

చివరి సంగతి ఓవెన్ లేనివాళ్లది. 2021 మార్చి 20 నుంచి అమల్లోకి వచ్చిన కనీస వేతన చట్టం ప్రకారం ఖతార్‌లో కార్మికుడి జీతం నెలకు 1,000 రియాళ్లకు తగ్గకూడదు. యజమాని భోజనం పెట్టకపోతే తిండికని విడిగా 300 రియాళ్లు ఇవ్వాలి. రోజుకు పది రియాళ్లు. ఇండస్ట్రియల్ ఏరియా గదుల్లో కరీంనగర్, జగిత్యాల మనుషులు ఆ పది రియాళ్లలోనే మూడు పూటలూ గడుపుకోవాలి.